దంత వైద్యానికి బడి కట్టి, చట్టం కోసం పాటుపడిన డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్

హాస్టల్ వార్షికోత్సవ సంచిక అనగానే అంబేద్కర్, ఫూలే, జాషువా వంటి మహనీయుల జీవితాలు రాయడం మనకు అలవాటు. వారి గురించి ఎంత రాసినా తక్కువే. అయితే ఈసారి మన హాస్టల్ తమ్ముళ్ళకు అంతగా పరిచయం లేని ఒక పెద్దమనిషి గురించి చెప్పాలనిపించింది. ఆయన పేరు డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్. డాక్టర్ ఆర్. అహ్మద్ అంటే దంత వైద్యం చదివేవారికి బాగా తెలుసు. ఆయన పుట్టిన డిసెంబరు 24వ తేదీని మన దేశంలో జాతీయ దంత వైద్యుల దినోత్సవంగా జరుపుకుంటారు.

పన్ను నొప్పికి పేద, గొప్ప తేడా లేదు. కానీ ఆ నొప్పితో ఎవరి దగ్గరకు వెళ్ళాలన్నది మాత్రం జేబును బట్టి ఉంటుంది. ముందు లవంగం పెట్టుకుంటాం, ఉప్పునీళ్ళు పుక్కిలిస్తాం, మెడికల్ షాపులో బిళ్ళ కొనుక్కుంటాం. దవడ వాచి, రాత్రంతా నిద్ర లేకపోయాక ఎవరు దగ్గర ఉంటే వారి ముందు నోరు తెరుస్తాం. మన పన్ను మీద చేయి వేసే ఆ మనిషి ఏం చదివాడు? అతన్ని ఎవరు పరీక్షించారు? ఏదైనా తేడా వస్తే ఎవరిని అడగాలి? ఒకప్పుడు మన దేశంలో ఈ ప్రశ్నలకు జవాబు లేదు. ఆ జవాబు తయారు కావడానికి తన జీవితంలో ఎక్కువ భాగం వెచ్చించిన వ్యక్తి అహ్మద్ గారు.

బాల్యం, చదువు

రఫీయుద్దీన్ అహ్మద్ 1890 డిసెంబరు 24న తూర్పు బెంగాల్‌లోని బర్ధన్‌పారా గ్రామంలో జన్మించారు. ఆ ప్రాంతం ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉంది. మన కోనసీమ లాగే అది కూడా నదీ పాయల మధ్య ఉన్న డెల్టా నేల. ఆయన అలీగఢ్‌లోని మొహమ్మదన్ ఆంగ్లో ఓరియంటల్ కళాశాలలో చదివి 1908లో పట్టా పొందారు. ఆ కళాశాలే 1920లో అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయంగా మారింది.

ఆ రోజుల్లో పట్టభద్రుడైన యువకుడికి సర్కారు కొలువో, వకీలు వృత్తో కళ్ళ ముందు కనిపించే దారులు. అహ్మద్ గారు ఆ దారి పట్టలేదు. 1909లో అమెరికా బయలుదేరారు. దంత వైద్యం నేర్చుకోవడానికి అప్పటికి మన దేశంలో ఒక్క కళాశాల కూడా లేదు. అయోవా విశ్వవిద్యాలయంలో దంత వైద్యం చదివి 1915లో డి.డి.ఎస్. పట్టా అందుకున్నారు. ఆ తర్వాత బోస్టన్ నగరంలోని ఫోర్సిత్ పిల్లల దంత వైద్యశాలలో 1918 వరకు పనిచేశారు.

ఈ ఫోర్సిత్ వైద్యశాల గురించి కొంచెం చెప్పుకోవాలి. 1914లో ప్రారంభమైన ఆ సంస్థ ముఖ్యంగా పేద కుటుంబాల పిల్లల పళ్ళ కోసం ఏర్పడింది. 1916లో అక్కడే డెంటల్ హైజీనిస్టులకు శిక్షణ ఇచ్చే బడి మొదలైంది. హైజీనిస్టు అంటే డాక్టరు కాదు. పళ్ళకు పట్టిన గార తీసి శుభ్రం చేయడం, పళ్ళు ఎలా తోముకోవాలో నేర్పడం వారి పని. మరుసటి ఏడాది, అంటే 1917లో, పొరుగునే ఉన్న కనెక్టికట్ రాష్ట్రం ఐరీన్ న్యూమన్ అనే మహిళకు హైజీనిస్టుగా లైసెన్సు ఇచ్చింది. ప్రపంచంలో ఆ వృత్తికి అదే మొదటి లైసెన్సు. డాక్టరుకు, రోగికి మధ్య మరొక శిక్షణ పొందిన చేయి ఉండవచ్చు, ఆ చేయి ఏ పని వరకు చేయవచ్చో చట్టమే హద్దు గీయవచ్చు అనే ఆలోచన రూపం దిద్దుకుంటున్న కాలంలో, ఆ ఆలోచన పుట్టిన ప్రాంతంలోనే మన అహ్మద్ గారు ఉన్నారన్నమాట.

సోడా దుకాణం ఆదాయంతో కళాశాల

1919లో ఆయన స్వదేశానికి తిరిగి వచ్చారు. అమెరికా పట్టా ఉంది కాబట్టి కలకత్తాలో ధనవంతులకు వైద్యం చేసుకుంటూ హాయిగా బతకవచ్చు. కానీ ఆయన మనసు ఒక్కరి సంపాదన దగ్గర ఆగలేదు. 1920లో కలకత్తాలో దంత వైద్య కళాశాల స్థాపించారు. భారతదేశంలో అదే మొట్టమొదటి దంత వైద్య కళాశాల.

దానికి డబ్బు ఎక్కడిది? ప్రభుత్వం ఇవ్వలేదు. అమెరికాలో చూసిన పద్ధతిలో ఆయన కలకత్తాలో న్యూయార్క్ సోడా ఫౌంటెన్ పేరుతో ఒక చల్లని పానీయాల దుకాణం నడిపారు. ఆ వ్యాపారంలో వచ్చిన డబ్బును కళాశాలకు పెట్టారు. పళ్ళకు తీపి ఎంత చేటో తెలిసిన డాక్టరే సోడా అమ్మి పళ్ళ బడి నడిపారంటే కొంచెం నవ్వు వస్తుంది. కానీ సెలవుల్లో పనికి వెళ్ళి ఆ కూలితో పుస్తకాలు కొనుక్కున్న మన హాస్టల్ విద్యార్థులకు దాని విలువ వేరే చెప్పక్కర్లేదు. చేసే పని చిన్నదా పెద్దదా అని కాకుండా, ఆ డబ్బు దేనికి ఖర్చు పెడుతున్నాం అన్నదే ఆయన చూసుకున్నారు.

దంత వైద్యం అంటే పన్ను పీకడమే కదా, దానికి ఒక కాలేజీ కూడానా అని చాలామంది అనుకునే కాలం అది. అయినా విద్యార్థులు వచ్చారు. ఆ తొలి సంవత్సరాల్లోనే ఒక మహిళ కూడా ఇక్కడ చదువుకుంది. ఆమె మహమ్మద్ అలీ జిన్నా చెల్లెలు ఫాతిమా జిన్నా. 1923లో ఆమె బొంబాయిలో సొంతంగా దంత వైద్యశాల తెరిచారు. స్త్రీలు ఉద్యోగం చేయడమే అరుదైన రోజుల్లో ఇది చిన్న సంగతి కాదు.

బడి ఒక్కటి పెడితే చాలదని అహ్మద్ గారికి తెలుసు. 1925లో బెంగాల్ దంత వైద్యుల సంఘాన్ని ఏర్పాటు చేశారు. దంత వైద్యానికి ఒక పత్రికను స్థాపించి 1946 వరకు తానే సంపాదకత్వం వహించారు. 1928లో విద్యార్థుల కోసం ఒక పాఠ్యగ్రంథం రాశారు. 1932 నుంచి 1936 వరకు కలకత్తా నగర కార్పొరేషన్‌లో కౌన్సిలర్‌గా ఉన్నారు. ఈ కాలంలోనే ఆయన దృష్టి చట్టం మీదకు మళ్ళింది.

రిజిస్టరు ఎందుకు?

అప్పటి పరిస్థితి ఏమిటి? పట్టా ఉన్న దంత వైద్యులు పెద్ద పట్టణాల్లో, అదీ వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినంతమంది. మిగతా జనానికి సంతలో గుడ్డ పరిచి, పీకిన పళ్ళు కుప్పపోసి కూర్చున్న మనిషే దంత వైద్యుడు. కలకత్తాలో చైనాలోని హుబే ప్రాంతం నుంచి వచ్చిన కుటుంబాలు కట్టుడు పళ్ళు తయారుచేసే వృత్తిలో ఉండేవి. మన తెలుగు పల్లెల్లో ఆ పని నాయీబ్రాహ్మణుల చేతిలో ఉండేది. కురుపులు కోసి కట్టు కట్టింది వారే, పిప్పి పన్ను తీసింది వారే. వారి ఇళ్ళ స్త్రీలు మంత్రసానులుగా ఊరి పిల్లలందరినీ భూమి మీద పడేశారు. వీరిలో చేయి తిరిగినవారు ఎందరో ఉన్నారు. అలాగే మోసగాళ్ళూ ఉన్నారు. ఎవరు ఎవరో తెలుసుకునే మార్గం మాత్రం రోగికి లేదు.

డబ్బున్నవాడు పదిమందిని విచారించి మంచి డాక్టరును ఎంచుకుంటాడు. పేదవాడికి ఆ తీరిక లేదు, తెలిసినవారూ ఉండరు. అతని తరఫున ఎవరో ఒకరు ముందే విచారించి పెట్టాలి. రిజిస్టరు అంటే అదే. ఫలానా వ్యక్తి ఫలానా చదువు చదివాడు, పరీక్ష నెగ్గాడు, తప్పు చేస్తే పేరు కొట్టివేసే అధికారం మాకు ఉంది అని ప్రభుత్వం పూచీ పడటం. గోడ మీద వేలాడే రిజిస్ట్రేషన్ కాగితం డాక్టరు గొప్పదనం చెప్పడానికి కాదు, చదువురాని రోగికి ధైర్యం చెప్పడానికి.

ఈ ఉద్దేశంతోనే 1939లో బెంగాల్ దంత వైద్యుల చట్టం వచ్చింది. అది రూపొందడంలోనూ, ఆమోదం పొందడంలోనూ అహ్మద్ గారి కృషి ఉంది. తర్వాత 1946లో ఆయన అఖిల భారత దంత వైద్యుల సంఘానికి అధ్యక్షులై మూడేళ్ళు ఆ బాధ్యతలో ఉన్నారు. ఆ మూడేళ్ళ మధ్యలోనే దేశమంతటికీ ఒకే చట్టం వచ్చింది.

1948 చట్టం ఏం చెప్పింది?

దంత వైద్యుల చట్టం 1948 మార్చి 29న అమలులోకి వచ్చింది. అప్పుడు కేంద్ర ఆరోగ్య మంత్రి రాజకుమారి అమృత్ కౌర్, న్యాయ మంత్రి మన బాబాసాహెబ్ అంబేద్కర్. 1949 ఏప్రిల్‌లో భారత దంత వైద్య మండలి ఏర్పడింది. రాష్ట్రాలలో రిజిస్టర్లు మొదలయ్యాయి.

ఈ చట్టంలో మనం గమనించవలసిన విషయాలు మూడు ఉన్నాయి.

మొదటిది, చేతి పని నేర్చినవారి సంగతి. చట్టం వచ్చిందని పట్టా లేనివారందరినీ ఒక్కరోజులో వీధిన పడేయలేదు. రిజిస్టరును ఎ, బి అని రెండు భాగాలు చేశారు. గుర్తింపు పొందిన పట్టా ఉన్నవారు ఎ భాగంలో, పట్టా లేకపోయినా కనీసం ఐదేళ్ళుగా ఈ వృత్తి మీదే ప్రధానంగా బతుకుతున్నవారు బి భాగంలో చేరారు. ఇంగ్లండులో 1921లో చేసిన చట్టం కూడా ఇలాగే పాతవారికి దారి వదిలింది. ఉన్నవారికి అన్నం తీయకుండా, రాబోయేవారు మాత్రం చదివే రావాలని గీత గీశారు. 1972లో చేసిన సవరణతో తూర్పు పాకిస్తాన్ నుంచి తరలివచ్చినవారికీ, బర్మా, శ్రీలంక వంటి చోట్ల నుంచి తిరిగివచ్చిన మనవారికీ కూడా ఇలాంటి అవకాశం కల్పించారు. కూలి కోసం రంగూను ఓడ ఎక్కి, ఆ తర్వాత కట్టుబట్టలతో తిరిగివచ్చిన కుటుంబాలు మన గోదావరి జిల్లాల్లో ఎన్నో ఉన్నాయి. అలాంటివారి బాధ తెలిసినవారికి ఈ సవరణ విలువ తెలుస్తుంది.

రెండవది, సహాయకుల సంగతి. డాక్టరు ఒక్కడికే కాదు, హైజీనిస్టుకు, డెంటల్ మెకానిక్‌కు కూడా రిజిస్టరు పెట్టింది ఆ చట్టం. గార తీయడం, శుభ్రం చేయడం, పళ్ళ సంరక్షణ నేర్పడం హైజీనిస్టు పని. కట్టుడు పళ్ళు తయారు చేయడం, బాగుచేయడం మెకానిక్ పని. ఎవరి హద్దు వారికి ఉంది. రిజిస్టరులో పేరు లేకుండా ఈ పనులు వృత్తిగా చేస్తే మొదటిసారి జరిమానా, మళ్ళీ చేస్తే జైలు శిక్ష కూడా పడే అవకాశం ఉంది.

మూడవది, పల్లె సంగతి. దగ్గరలో రిజిస్టరైన డాక్టరు లేనప్పుడు, అత్యవసరమైతే, ఎవరైనా పన్ను తీయవచ్చని చట్టం ఒక మినహాయింపు ఇచ్చింది. కాకపోతే మత్తు సూది మాత్రం వేయకూడదు. దేశంలో డాక్టరు లేని ఊళ్ళే ఎక్కువన్న నిజం చట్టం రాసినవారికి తెలుసు అనడానికి ఇదే గుర్తు.

నింపని ఖాళీ

ఇక్కడ ఒక ప్రశ్న మిగిలింది. డాక్టరు ఊళ్ళోకి రాడు, హైజీనిస్టు పిప్పి పన్నుకు సిమెంటు పెట్టకూడదు. మరి పల్లెలో పిల్లవాడి పన్ను పుచ్చితే ఎవరు బాగుచేయాలి?

న్యూజిలాండ్ దేశం 1921లోనే దీనికి ఒక దారి కనిపెట్టింది. యువతులకు రెండేళ్ళ శిక్షణ ఇచ్చి బడుల్లో డెంటల్ నర్సులుగా నియమించింది. పిల్లల పళ్ళు పరీక్షించడం, సిమెంటు పెట్టడం, అవసరమైతే పాల పళ్ళు తీయడం వారి పని. వీరినే తర్వాత డెంటల్ థెరపిస్టులు అన్నారు. అహ్మద్ గారు ఒకప్పుడు పనిచేసిన ఫోర్సిత్ సంస్థ కూడా ఇలాంటి శిక్షణ ఇవ్వడానికి ముందుకు వచ్చింది. 1949లో మసాచుసెట్స్ ప్రభుత్వం అనుమతి ఇచ్చింది కూడా. కానీ దంత వైద్యుల సంఘాలు ఒప్పుకోలేదు. మరుసటి ఏడాదే ఆ అనుమతి రద్దయింది. అమెరికాలో 2000 సంవత్సరం దాటాక మొదట అలాస్కా గిరిజన గ్రామాల్లో, తర్వాత 2009 చట్టంతో మిన్నెసోటా రాష్ట్రంలో థెరపిస్టులకు చోటు దొరికింది.

మన 1948 చట్టంలో థెరపిస్టుకు రిజిస్టరు పెట్టలేదు. ఆ చట్టం స్థానంలో తేవడానికి పార్లమెంటు 2023లో జాతీయ దంత వైద్య కమిషన్ చట్టాన్ని ఆమోదించింది. అందులో దంత వైద్యులతోపాటు సహాయకుల నమోదు గురించి కూడా ఉంది. తక్కువ చదువుతో ఎక్కువ పని అప్పగిస్తే పల్లెవారికి రెండో రకం వైద్యం అందుతుందని కొందరి భయం. అసలు వైద్యమే అందకపోవడం కంటే హద్దులు తెలిసిన, శిక్షణ పొందిన, లైసెన్సు ఉన్న మనిషి ఉండటం మేలని మరికొందరి వాదన. రెండింటిలోనూ న్యాయం ఉంది. కాకపోతే ఈ చర్చ డాక్టర్ల సంఘాల మధ్యే జరిగితే సరిపోదు. నొప్పి పడే ఊళ్ళ నుంచి చదువుకున్నవారు కూడా అందులో మాట్లాడాలి. ఆ ఊళ్ళ నుంచి చదువుకున్నవారు అంటే మనమే.

చివరి రోజులు

1949లో అహ్మద్ గారు ఒక పని చేశారు. ఇరవై తొమ్మిదేళ్ళు సొంత బిడ్డలా పెంచిన కళాశాలను పశ్చిమ బెంగాల్ ప్రభుత్వానికి అప్పగించారు. ఈ రోజుల్లో కాలేజీ అంటే తండ్రి నుంచి కొడుక్కి వచ్చే ఆస్తి. ఆయన మాత్రం దాన్ని ప్రజల ఆస్తి చేశారు. ప్రస్తుతం కలకత్తాలో అది డాక్టర్ ఆర్. అహ్మద్ దంత వైద్య కళాశాల, ఆసుపత్రిగా నడుస్తోంది.

దేశ విభజనతో ఆయన పుట్టిన ఊరు పరాయి దేశమైపోయింది. ఆయన ఇక్కడే ఉండిపోయారు. 1950లో డాక్టర్ బి.సి. రాయ్ మంత్రివర్గంలో చేరి 1962 వరకు వ్యవసాయం, సమాజ అభివృద్ధి, సహకారం, సహాయ పునరావాస శాఖలు చూశారు. తూర్పు నుంచి లక్షల మంది శరణార్థులు తరలివస్తున్న సమయంలో పునరావాసం చూడటమంటే ఎంత బరువో ఊహించుకోవచ్చు. 1964లో భారత ప్రభుత్వం ఆయనకు పద్మభూషణ్ ఇచ్చి గౌరవించింది. 1965 ఫిబ్రవరి 9న ఆయన కన్నుమూశారు.

ఆయన వేసిన విత్తనం ఎక్కడెక్కడో మొలకెత్తింది. 1933లో బొంబాయిలో, 1934లో లాహోరులో దంత వైద్య కళాశాలలు వచ్చాయి. మన తెలుగువారికి 1959లో హైదరాబాదులో ప్రభుత్వ దంత వైద్య విద్య మొదలైంది. ఇప్పుడు రావులపాలెంలో బస్సెక్కి గౌతమి వంతెన దాటి రాజమండ్రి మీదుగా రాజానగరం వైపు వెళితే దంత వైద్య కళాశాలల బోర్డులు దారిలోనే కనిపిస్తాయి. ఒకప్పుడు ఓడ ఎక్కి అమెరికా వెళ్ళి చదవవలసిన చదువు అది.

తమ్ముళ్ళకు నాలుగు మాటలు

ఈ జీవితం చదివి గొప్పవారు అని ఒక దండం పెట్టి పేజీ తిప్పేస్తే ప్రయోజనం లేదు. మనకు పనికివచ్చే సంగతులు ఇందులో ఉన్నాయి.

పన్ను నొప్పి వచ్చినప్పుడు దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రిలో దంత వైద్యుడు ఉన్నారేమో ముందు కనుక్కోండి. బయట చూపించుకుంటే బోర్డు మీద రిజిస్ట్రేషన్ నంబరు ఉందో లేదో చూడండి. లేకపోతే అడగండి. అడగడం అమర్యాద కాదు, మన హక్కు. పనిముట్లు స్టెరిలైజ్ చేశారా అని కూడా అడగాలి. శుభ్రం లేని పనిముటు వల్ల కామెర్ల వంటి జబ్బులు ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటాయి. మార్కెట్టులో అరటి గెలలు మోసే నాన్నకు, కూలికి వెళ్ళే అమ్మకు ఈ మాట చెప్పవలసింది ఇంట్లో చదువుకున్న మీరే.

బైపీసీ చదివే తమ్ముళ్ళు ఇంకొకటి గుర్తుపెట్టుకోవాలి. బి.డి.ఎస్. సీటు రాకపోతే జీవితం అయిపోదు. ఇంటర్ సైన్సు తర్వాత హైజీనిస్టుకు, మెకానిక్‌కు రెండేళ్ళ డిప్లొమా ఉంది. చేరే ముందు ఆ కళాశాలకు గుర్తింపు ఉందా, చదివాక రిజిస్టరులో పేరు ఎక్కుతుందా అని కనుక్కుని చేరండి. గుర్తింపు లేని చోట డబ్బు కట్టి, రెండేళ్ళు పోగొట్టుకుని, చివరికి చట్టం ముందు దోషిగా నిలబడవలసిన గతి మన పిల్లలకు పట్టకూడదు. ఎవరి దగ్గరో కాంపౌండరుగా చేరి, చూసి నేర్చుకున్న పనిని సొంత బోర్డు పెట్టి చేయడం తప్పు. తెలివి లేక కాదు, మన చేతికింద ఉన్న మనిషికి ఏదైనా అయితే అడిగే నాథుడు లేకపోవడం వల్ల తప్పు.

పని నేర్చిన చేతిని అహ్మద్ గారి కాలపు చట్టం అవమానించలేదు. దానికి పేరు, హద్దు, బాధ్యత ఇచ్చింది. ఎ భాగంలో ఉన్న డాక్టరైనా, మెకానిక్ అయినా ఎవరి పనికి వారే జవాబుదారీ అన్నది దాని సారం. మన హాస్టల్ నుంచి రేపు ఒక దంత వైద్యుడో, హైజీనిస్టో తయారై, మన మండలంలోనే బోర్డు కట్టి, దాని మీద రిజిస్ట్రేషన్ నంబరు పెద్ద అక్షరాలతో రాయించుకుంటే, డిసెంబరు 24కు అంతకంటే మంచి పండుగ ఉండదు.